తాటాకింటి మాట

తెల్లవారేసరికే తుఫాను కాలనీ పెళ్ళివారి విడిదిలా కళకళలాడిపోతోంది. రంగు డబ్బాల ట్రాక్టరు వీధి మొదట్లో ఆగింది. నిచ్చెనలు దిగాయి, బ్రష్షులు దిగాయి, పెద్ద పెద్ద బకెట్లు దిగాయి. పిల్లలు బడి మాట మరిచి ట్రాక్టరు చుట్టూ మూగారు. పాపాయి అనే ఇల్లాలైతే పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా గుమ్మంలోకి వచ్చి, "ముందు మా డాబాకే వెయ్యండి బాబూ, రాత్రే శుభ్రంగా తుడిచి ఉంచానండి!" అని కేకలు మొదలెట్టింది.

ఆ కాలనీ ఇళ్ళన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఎప్పుడో వచ్చిన పెద్ద తుఫాను జాలరిపేట తాటాకిళ్ళన్నిటినీ ఊడ్చుకుపోయాక కట్టించిన డాబాలవి. గాలికి ఎగిరిపోవు, వరదకి కరిగిపోవు, ఆ మాట నిజమే. కానీ వేసవి వచ్చిందంటే ఆ ఇళ్ళలో ఉండడం పెనం మీద ఉండడమే. పగలంతా శ్లాబు తాగిన ఎండ పొద్దుగూకాక మెల్లగా ఇంట్లోకి దిగుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడే గిర్రున తిరిగి మన మీద పడుతుంది. కరెంటు బిల్లు మాత్రం తిరగదు, తిన్నగా పైకే పోతుంది.

అలాంటి ఇళ్ళని పడగొట్టకుండా, ఉన్నవాటినే చల్లబరిచే పథకం ఒకటి వచ్చింది. డాబా మీద ఎండని తిప్పికొట్టే తెల్లరంగు, గోడల పైభాగంలో వేడి బయటికి పోయేలా వెంటిలేటర్లు, కిటికీల మీద నీడపట్టీలు, కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లు. సముద్రం ఒడ్డున ఉన్న కాలనీలన్నిటిలో వరసగా చేసుకుంటూ వస్తున్నారు. ఒకటే షరతు. వీధిలో అందరూ ఒప్పుకుంటేనే ఆ వీధిలోకి ట్రాక్టరు వస్తుంది. ఈ వీధిలో అందరినీ ఇంటింటికీ తిరిగి ఒప్పించింది మహిళా సంఘం లీడరు సాయిదుర్గ.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సాయిదుర్గ రచ్చ గెలిచేసింది. ఇంట్లో అత్తగారికి మాత్రం ఇంకా చెప్పనే లేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండగానే ట్రాక్టరు వచ్చేసింది.

అత్త లోవమ్మ ఆ వేళకి డాబా మీద నెత్తళ్ళు ఆరబోస్తోంది. వేట నిషేధం రోజుల్లో బోటు ఒడ్డెక్కితే ఆ ఎండుచేపలే ఇంటికి అన్నం పెట్టాలి. అందుకే చైత్రం ఎండని ఒక్క పూట కూడా వదులుకోదు ఆవిడ. కాలుతున్న గచ్చు మీద ఉత్త కాళ్ళతోనే తిరుగుతుంది. చెప్పులేసుకుని చేపల మధ్య తిరిగితే లక్ష్మి పోతుందని ఆవిడ నమ్మకం.

నిచ్చెన వచ్చి తన పిట్టగోడకి ఆనేసరికి లోవమ్మ ఉలిక్కిపడింది.

"ఎవరయ్యా అది? పాపాయి వాళ్ళ డాబా అటు, ఇటు కాదు."

నిచ్చెన పైనుంచి ఇంజనీరు ఉదయభాస్కర్ తల కనిపించింది. "నమస్కారమండి. అటు కుర్రాళ్ళు మొదలుపెట్టేశారండి. మీ డాబా ఒక్కటే కడగాలండి. ఈ చేపలు కాస్త తీయిస్తే..."

"నా చేపలు తీయించడానికి నువ్వెవరు బాబూ?"

"అయ్యో, మీరు ఒప్పుకున్నారనే సాయిదుర్గ గారు చెప్పారండి."

లోవమ్మ పిట్టగోడ మీంచి కిందికి తొంగి చూసింది. వాకిట్లో కోడలు, ఆ పక్కన కొడుకు అమ్మిరాజు. కోడలు తల దించుకుంది. కొడుకు తల తిప్పుకున్నాడు.

"ఒరే అమ్మిరాజూ! నేనెప్పుడు ఒప్పుకున్నాన్రా?"

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అమ్మిరాజు తల గోక్కున్నాడు. "బోటులో ఆయిలు చూసుకోవాలమ్మా, ఇప్పుడే వస్తా," అంటూ రేవు దారి పట్టాడు. సముద్రంలో ఎంత గాలికైనా భయపడని మనిషి, ఇంట్లో గాలి మారితే మాత్రం నిలబడలేడు.

లోవమ్మ మెట్ల మీద అడ్డంగా చేపల బుట్ట పెట్టుకుని కూర్చుంది. "నన్ను దాటుకుని ఎవరెక్కుతారో ఎక్కండి చూస్తాను."

సాయిదుర్గ మెట్ల దాకా వచ్చింది. "అత్తా, తప్పు నాదే. నీకు ముందు చెప్పాల్సింది. భయమేసి చెప్పలేదు. ఇల్లు చల్లబడుద్దత్తా. సత్యవాణి కూడా పురిటికని పుట్టింటికి ఇవాళే వస్తోంది కదా."

"సత్యవాణి కోసమే నేనిక్కడ కూర్చున్నా. ఆ ఇంజనీరు గోడకి కన్నాలు కొడతాడంట. ఏ గదికి కొడతాడు?"

"అన్ని గదులకీ."

"పురిటిగదికి కూడానా?" లోవమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "బాలింతకి గాలి సోకితే వాతం చేస్తుందని తెలీదటే? తొలి చూలు పిల్లని తెచ్చి చిల్లుల గదిలో పడుకోబెట్టమంటావా?"

ఉదయభాస్కర్ వాచీ చూసుకుని, "మిగతా ఇళ్ళు కానిస్తామండి. సాయంత్రంలోగా చెప్పండి. రేపటికల్లా ఈ వీధి ముగించుకుని పక్క ఊరు వెళ్ళాలి," అని నిచ్చెన తీయించేశాడు.

ఇక అక్కడినుంచి వీధి హోరెత్తిపోయింది. ఒక్కొక్క డాబా తెల్లబడుతుంటే కింద చప్పట్లు. ఓ ఇంట్లో గోడ పైన సిమెంటు రాలి వెలుగు లోపలికి పడగానే ఆ ఇంటి ముసలాయన, "ఇన్నాళ్ళూ ఈ మూల బొద్దింకలుండేవని నాకు తెలీనే తెలీదురా!" అని మురిసిపోయాడు. కొత్త ఫ్యాను తిరుగుతుంటే చప్పుడే లేదని పాపాయి దానికేసి నోరు తెరుచుకుని చూసింది. సాయిదుర్గ ఇంటింటికీ పరుగెత్తి సాయం చేస్తూనే ఉంది. అందరూ ఆమెని మెచ్చుకునేవారే. మెచ్చుకున్నాక, "మరి మీ ఇల్లెప్పుడు?" అని అడిగేవారూ వాళ్ళే.

పొద్దు నడినెత్తికి ఎక్కుతుండగా ఆటో వచ్చి ఆగింది. నెలలు నిండిన పొట్టతో సత్యవాణి దిగింది. లోవమ్మ మెట్లు దిగి వచ్చి, ఎర్రనీళ్ళతో దిష్టి తీసి, కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వారం రోజులుగా సిద్ధం చేస్తున్న పురిటిగది అది. నులకమంచం బిగించింది. కిటికీకి గోనెపట్టా కట్టింది. సాంబ్రాణి, వాము, వెల్లుల్లి, పాత మెత్తటి చీరలు అన్నీ ఓ పక్కన పేర్చింది. ఆ గదిని చూపిస్తున్నప్పుడు లోవమ్మ ముఖం చూడాలి. కూతురి అత్తవారుండే రాజమండ్రిలో ఏ మేడలోనూ అంత సంపద లేదన్నట్టుంది.

సత్యవాణి మంచం మీద కూర్చుంది. కాసేపటికే జాకెట్టు తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఇంకాసేపటికి లేచి, గోడ పట్టుకుని మెల్లగా వసారాలోకి వచ్చేసింది.

"ఏమ్మా, ఏమైంది?"

"ఊపిరాడట్లేదమ్మా." సత్యవాణి కళ్ళు దించుకుంది. "ఏమనుకోకే. వచ్చేటప్పుడు మా అత్తయ్యగారు చెప్పారు. అక్కడ ఎండకి తట్టుకోలేకపోతే వెనక్కి వచ్చేయమన్నారు. ఏసీ గది ఖాళీగానే ఉందన్నారు. ఆస్పత్రి నుంచి నేను అటే వెళ్ళిపోతానేమోనే."

తొలికాన్పు పుట్టింట్లో జరగకపోతే నలుగురిలో చిన్నతనం అనేది ఒక ఎత్తు. లోవమ్మ అసలు బాధ అది కాదు. కూతురికి తలంటి పోసి, మనవడో మనవరాలో తన కాళ్ళ మీద పడుకుంటే ఒళ్ళు రుద్ది నీళ్ళు పోయాలని కూతురి పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ కలలు కంటోంది. ఆ కల వాకిట్లోకి వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళిపోతానంటోంది.

సాయిదుర్గ ఇక ఆగలేకపోయింది. "అత్తా, ఇంకా టైముంది. ఆళ్ళు వీధిలోనే ఉన్నారు. పిలవనా? వెంటిలేటరు గాలి మనిషి మీదకి రాదత్తా. పైన చేరిన వేడి పైనించే పోద్ది."

"మళ్ళీ అదే మాట!" లోవమ్మ దుఃఖమంతా కోపమై కోడలి మీదికి మళ్ళింది. "నువ్వు మాత్రం ఆ గదిలో ఉండలేదటే? ఇలాంటి ఎండల్లోనే కదా నీకు పురుడు పోశాను? అమ్మ లేని పిల్లవని కన్నకూతురిలా చూసుకున్నానా, లేదా? తలుపేసి, కిటికీకి గోనె కట్టి, ఒక్క పిల్లగాలి కూడా సోకనివ్వలేదు. నీకేమైంది? రాయిలా లేచి తిరగలేదూ?"

సాయిదుర్గ కూతురు, రెండేళ్ళ దేవి, తల్లి కొంగు పట్టుకుని పైకి చూసింది. లోవమ్మ తన తల్లి దేవకుమారి పేరే మనవరాలికి పెట్టుకుంది.

"ఏమైందో చెప్పమంటావా అత్తా?" సాయిదుర్గ కూతురిని ఎత్తుకుంది. "నువ్వు తలుపేసి వెళ్ళాక, దీన్ని ఎత్తుకుని గచ్చు మీద పడుకునేదాన్ని. తలుపు కింద సందు ఉంది చూడు, అక్కడ ముక్కు పెట్టుకుని గాలి పీల్చేదాన్ని. దీని ముక్కు కూడా అక్కడే పెట్టేదాన్ని. దీనికి ఒళ్ళంతా చెమటకాయలు లేచి, పాలు తాగలేక గుక్కపట్టి ఏడిస్తే, దిష్టి తగిలిందని నువ్వు ఉప్పు తిప్పావు. ఓసారి కళ్ళు తిరిగి పడిపోయాను. నేను లేచేసరికి ఇది ఏడవడం మానేసి నాకేసి చూస్తోంది. ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేను. మళ్ళీ ఏ పిల్లా ఆ గదిలో అలా పడుకోకూడదనే ఈ వీధంతా తిరిగానత్తా!"

లోవమ్మ మెల్లగా అడిగింది. "నాతో ఎందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? అమ్మ లేని లోటు తెలీకుండా చేశావు. నాకు నీళ్ళు పోసి, తల ఆరబెట్టి, కాళ్ళు పట్టావు. అంత ప్రేమగా చేసిన నిన్ను పట్టుకుని, ఈ గది నన్ను చంపేస్తోందని ఎలా అనను? నాకు నోరు రాలేదు."

సత్యవాణి వదిన భుజం మీద చెయ్యి వేసింది. లోవమ్మ ఎవరి ముఖమూ చూడలేదు. "చేపలు తిప్పాలి," అని ఎవరూ అడక్కుండానే చెప్పి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

డాబా భగభగలాడుతోంది. లోవమ్మ అలవాటుగా మడమల మీద గబగబా అడుగులేస్తూ నెత్తళ్ళు తిప్పుతోంది కానీ, చేతులు పనిలో లేవు. తలుపు కింద సందులో ముక్కు పెట్టుకున్న కోడలే కళ్ళ ముందు మెదులుతోంది. కన్నీళ్ళు చేపల మీద పడుతున్నాయి.

"ఓ లోవమ్మక్కా! ఇటు రావే, ఇటు రా!" పాపాయి పక్క డాబా మీంచి చేతులూపేస్తోంది. పొద్దున వేసిన మొదటి పూత ఆరిపోయింది. పాపాయి దాని మీద ఉత్త కాళ్ళతో చిన్నపిల్లలా అటూ ఇటూ నడుస్తోంది. "మిట్టమధ్యాహ్నం అక్కా! నా కాలు కాలట్లేదే! ఒట్టు! వచ్చి చూడు!"

రెండు డాబాలకీ మధ్య ఉన్నది మోకాలెత్తు పిట్టగోడే. లోవమ్మకి వెళ్ళాలని లేదు. పాపాయి వచ్చి చెయ్యి పట్టుకుని లాగేసింది. ఒక కాలు ఇటు నల్లటి గచ్చు మీద, ఒక కాలు అటు తెల్లటి రంగు మీద. లోవమ్మ అలాగే ఆగిపోయింది. ఇటు కాలు చురుక్కుమంటోంది. అటు కాలికి వెచ్చగా మాత్రమే ఉంది. రెండో కాలూ అటు పెట్టింది. మడమలు ఆనించింది. అరికాళ్ళు రెండూ పూర్తిగా ఆనించి నిలబడింది. చైత్రం ఎండలో డాబా మీద అలా నింపాదిగా నిలబడడం ఆవిడకి అదే మొదలు.

"కిందికి రా, ఇంట్లో చూద్దువుగాని," అంది పాపాయి.

పాపాయి ఇంట్లోకి దిగి, మధ్యగదిలో నిలబడింది లోవమ్మ. ఫ్యాను వెయ్యలేదు. వీపు మీద గాలి తగలడం లేదు. కానీ నెత్తి మీద రోజూ కూర్చునే ఆ బరువు లేదు. పైన కొత్తగా తెరుచుకున్న వెంటిలేటరులోంచి వెలుగు గోడ మీద పడుతోంది. ఆవిడకి ఎక్కడో, ఎప్పుడో ఈ చల్లదనం తెలుసు. గాలి లేని చల్లదనం. ఎక్కడిది ఇది?

అమ్మ ఇల్లు!

రేవు దగ్గర తాటాకిల్లు. ఒత్తుగా కప్పిన ఆకు, పేడతో అలికిన నేల, మట్టిగోడలు. తన తొలికాన్పుకి అమ్మ ఆ ఇంట్లోనే తలుపు దగ్గరగా వేసి, "గాలి సోకనివ్వకే, బాలింతవి," అని చెప్పింది. ఆ ఇంట్లో తలుపేసినా చల్లగానే ఉండేది. తాటాకు సందుల్లోంచి వేడి దానంతటదే పైకి పోయేది. తుఫానులో ఆ ఇల్లు పోయింది. అమ్మ మాట మాత్రం మిగిలింది. ఆ మాటనే అపురూపంగా మూటగట్టుకుని వచ్చి, ఈ శ్లాబు కింద విప్పింది తను.

"పాపాయీ," అంది లోవమ్మ, కళ్ళు ధారలు కడుతుండగా. "మా అమ్మ తప్పు చెప్పలేదే. అది తాటాకింటికి చెప్పిన మాట. నేను డాబాలోకి తెచ్చిపెట్టాను. నా కోడలిని ఉడకబెట్టేశానే!"

పాపాయికి సగమే అర్థమైంది. అయినా తనూ కళ్ళు తుడుచుకుంది.

మరుక్షణం లోవమ్మ మళ్ళీ డాబా ఎక్కి పిట్టగోడ దాటిన తీరు చూసి వీధి వీధంతా ఆశ్చర్యపోయింది. "దుర్గా! బుట్టలు పట్టుకురావే! ఓ ఇంజనీరు బాబూ, నిచ్చెన తీసుకురా! ముందు ఆ పురిటిగది గోడ చూడు. ఒక కన్నం చాలదు, రెండు కొట్టు!"

ఉదయభాస్కర్ నవ్వాపుకోలేకపోయాడు. "ఎదురెదురుగా రెండే పెడతామండి. అన్నం తిని మీదే మొదలెడతామండి."

"అన్నం మా ఇంట్లోనే తిందురుగాని, నెత్తళ్ళ పులుసుంది. ముందు ఎక్కండి!"

సాయిదుర్గ బుట్ట పట్టుకుని మెట్ల మీద బొమ్మలా నిలబడిపోయింది. అత్త ముఖం చూస్తే ఏడ్చినట్టుంది. మాట చూస్తే తిరణాలకి బయల్దేరినట్టుంది. "మరి నెత్తళ్ళో అత్తా? ఎక్కడ ఆరబెడతావు?"

"ఒరే అమ్మిరాజూ!" లోవమ్మ రేవు వైపు తిరిగి పెట్టిన కేకకి కాకులు లేచాయి. "ఎక్కడ నక్కావురా? చిరిగిపోయిన పాతవలలు, వెదురు గెడలు పట్టుకురా! డాబా మీద నడుమెత్తులో పందిరి కట్టు. చేపలు వల మీద ఆరతాయి. కింది నుంచి కూడా గాలి తగులుద్ది. ఇసకా ఉండదు, కుక్కల బెడదా ఉండదు!"

అమ్మిరాజు వలలు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. సగం వీధి లోవమ్మ డాబా ఎక్కేసింది. ఒకరు చేపలు ఎత్తారు, ఒకరు నీళ్ళు మోశారు, పిల్లలు చీపుళ్ళు పట్టుకుని గచ్చు కడుగుతూ సగం వాళ్ళే తడిసిపోయారు. పొద్దు వాలే వేళకి మొదటి పూత పడింది. మర్నాడు పొద్దున్నే రెండో పూత పడింది. పురిటిగది గోడలో సిమెంటు పెళ్ళలు ఊడి, పైన చదరంగా ఆకాశం కనిపించగానే లోవమ్మ స్వయంగా కిటికీ గోనెపట్టా లాగి అవతల పారేసింది. సత్యవాణి ఈలోగా రాజమండ్రికి ఫోను చేసి, "అత్తయ్యగారూ, నేను రావట్లేదండి. మీరే ఇటు వచ్చి చూడాలండి, భలే ఉంది!" అని గోల గోలగా చెబుతోంది.

ట్రాక్టరు పక్క ఊరికి వెళ్ళిపోయింది. ఆ మర్నాడు మధ్యాహ్నం, ఎండ మళ్ళీ నిప్పులు చెరుగుతుండగా, లోవమ్మ పెరట్లో కాగు పెట్టి వేన్నీళ్ళు కాచింది. నలుగు కలిపింది. కుంపట్లో సాంబ్రాణి వేసింది.

"అప్పుడే ఇవన్నీ ఎందుకే? నాకింకా నొప్పులే రాలేదు," అంది సత్యవాణి.

"నీకు కాదులే." లోవమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. "రా తల్లీ, కూర్చో."

"నేనా? నాకెందుకత్తా?"

"కూర్చోమన్నానా!"

సాయిదుర్గ పీట మీద కూర్చుంది. లోవమ్మ ఆమె తలకి నూనె పెట్టి, మాడు మీద అద్ది, వేన్నీళ్ళు పోసింది. రెండేళ్ళ కిందట ఎలా పోసిందో అలాగే, వెన్ను నిమురుతూ, నడుము మీద ధారగా. తర్వాత జుట్టు విరబోసి సాంబ్రాణి పొగ పట్టింది. మెత్తటి చీర కట్టించి పురిటిగదిలోకి తీసుకెళ్ళింది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. గదిలో గాలి విసురు లేదు. ఫ్యాను ఆగే ఉంది. అయినా గది చల్లగా, తేటగా ఉంది. పైన రెండు వెంటిలేటర్లలోంచి వెలుగు వచ్చి గోడల మీద వాలింది.

"ఆ రోజులు నీకు తిరిగి ఇవ్వలేనమ్మా," అంది లోవమ్మ. "ఈ గదిలో మొదట పడుకోవాల్సింది నువ్వే. ఈ ఒక్క మధ్యాహ్నం నా కోసం కంటినిండా పడుకో. ఇవాళ నువ్వే నా బాలింతవి."

సాయిదుర్గ అత్త రెండు చేతులూ పట్టుకుని ముఖానికి ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. దేవి ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి మంచమెక్కి తల్లి పక్కలో ముడుచుకుంది. చూస్తుండగానే ఇద్దరికీ నిద్ర పట్టేసింది.

లోవమ్మ బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, అలవాటుగా కింది సందు వైపు చూసింది. మళ్ళీ ఏమనుకుందో, తలుపు బార్లా తెరిచి పెట్టి, గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

వీధిలో పాపాయి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పెద్ద గొంతులతో నవ్వుకుంటూ ఇటే వస్తున్నారు. కొత్తగా చల్లబడిన ఇళ్ళు ఒకరివొకరు చూసుకోవడమే ఇప్పుడు కాలనీలో వేడుక. లోవమ్మ పెదాల మీద వేలు పెట్టింది.

"అరవకండర్రా," అంది గుసగుసగా, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. "మా బాలింత పడుకుంది."